శుక్రవారం నాలుగు దాటాక

శుక్రవారం ఒంటి గంటకు ఫలక్‌నుమాలో లోకల్ రైలెక్కాను. ఎవరినీ అడగకుండా బోర్డులు చదువుకుంటూ బేగంపేటలో దిగడం, యాభై దాటాక అక్షరాలు నేర్చిన నాకు పెద్ద సంగతే. ఎదుటి సీటులో గాజులమ్మే ఆయన ఎక్కడికని అడిగాడు. ఇంటర్నెట్ కొలిచే చోటికన్నాను.

"గజాల లెక్కనా, కిలోల లెక్కనా అమ్మా?" అని నవ్వాడు.

మా తమ్ముడి కూతురు విజయ ఆఫీసు అక్కడే. ఊళ్లను కలిపే ఇంటర్నెట్ పెద్ద లైన్ల మీద ఏ వేళకు ఎంత రద్దీ ఉందో కొలవడం దాని పని. చార్మినార్ వైపు లైను పెంచాలని అది రాసింది. శుక్రవారాలు రద్దీ చూపే గీత ఒక్కసారిగా పైకి ఎగరడం మీటరు తప్పేనని, ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తే పాత లైనే చాలునని వాళ్ల సారు పట్టుబట్టాడు. తీసేస్తే మా నెట్ షాపుల్లో, తెర మీద గల్ఫ్‌లో ఉన్నవాళ్ల మొహాలు మాట మధ్యలో బిగుసుకుపోతూనే ఉంటాయి.

సారుది కాకినాడ. మంచివాడే, నాకు టీ తెప్పించాడు. గల్ఫ్‌లో శుక్రవారమే సెలవని, పాతబస్తీలో వాళ్ల పెళ్లాంపిల్లలు ఆ రోజే మాట్లాడటానికి నెట్ షాపులకు పోతారని విజయ చెప్పినా రుజువు కావాలన్నాడట. అందుకే లైను అవతలి కొసన, గల్ఫ్ మాటలు సముద్రం దాటి వచ్చే ముంబైలో ఇంకో మీటరు పెట్టించింది.

"మా మాటలు వింటరానే?" అని అడిగాను.

"లేదత్తా. కవరు మీద ఊరు చూస్తం, లోపల చదువం."

నాలుగు దాటింది. గల్ఫ్‌లో శుక్రవారం నమాజు, భోజనం ముగిసే వేళ. రెండు తెరల మీద రెండు గీతలు ఒక్కసారే లేచాయి. కూర్చోలేకపోయాను. అదంతా మా గల్లీల మాటలే!

"రెండు మీటర్లకు ఒక్కసారే పిచ్చెక్కుతదా సార్?" అంది విజయ.

సారు రెండు తెరల మీదా టైము సరిచూసుకున్నాడు. "శుక్రవారాలు ఉంచండి విజయ గారూ. లైను పెంచడానికి రేపే రాస్తాను."

ముందే ఒకసారి చార్మినార్ వచ్చి చూస్తే సరిపోయేది కదా అన్నాను. విజయ నా చెయ్యి గిల్లింది.

చాలా ఊళ్లు తిరిగాను గాని, మన మాటలు కొండలాగా లేవడం ఇంకెక్కడా చూడలేదు. విజయ ఆఫీసుకు వెళ్లేవాళ్లు శుక్రవారమే వెళ్లండి.

ఆరింటి రైల్లో నిలబడే వచ్చాను. మలక్‌పేటలో ఎక్కిన బుర్ఖా ఆమె, సౌదీలో, దమ్మాంలో ఉన్న భర్తతో మాట్లాడటానికి నెట్ షాపుకే పోతోంది. జరిగిందంతా చెప్పాను.

"ఇగ ఆయన మొహం ఆగదా అమ్మా?"

"కొత్త లైను పడ్డంక ఆగదు. ఇయ్యాల మాత్రం ఆగుతది. తిట్టేదుంటే ఆగినప్పుడే తిట్టు."