ఎనిమిది సెకన్ల రొండా

రొండా హార్ట్‌విగ్ అంటే రెండేళ్ళపాటు నాకు ఒళ్ళు మంట. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇదేదో స్నేహితురాలిని మెచ్చుకుంటూ చెప్పే కథ అనుకుంటారు. ఆమె నాకు స్నేహితురాలు కాదు. ఆమె కుడిచేతి చూపుడువేలు వల్ల నా పని పోయింది.

నాది కంటిన్యుటీ పని. నటుడు కాఫీ కప్పు ఏ చేత్తో పట్టుకున్నాడు, చొక్కా గుండీలు ఎన్ని విప్పి ఉన్నాయి, సిగరెట్టు ఎంతవరకు కాలింది, తర్వాతి షాట్లో తేడా రాకుండా ఇవన్నీ రాసుకుని, ఫొటోలు తీసి దాచుకోవాలి. పందొమ్మిదేళ్ళు లాస్ ఏంజలెస్ చుట్టుపక్కల చిన్నాచితకా సినిమాలకు అదే చేశాను. సరిగ్గా చేస్తే మనం ఉన్నామనే ఎవరికీ తెలియదు. ఒక్కటి తప్పితే మాత్రం అందరికీ మనమే కనబడతాం.

1992లో సినిమా పనులు తగ్గి నేను ఇంట్లో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, వాన్ నైస్‌లో ఒక పాత గోడౌన్‌లో వీడియో గేమ్ తీస్తున్నారు రమ్మన్నారు. బొమ్మల గేమ్ కాదు. నిజం మనుషులతో నటింపజేసి, ఆ ముక్కల్ని సీడీలోకి ఎక్కించి, టీవీకి తగిలించే గేమ్ పెట్టెలో ఆడించడం. అప్పట్లో అదే కొత్త మోజు. ఈ గేమ్ పేరు ‘తొమ్మిదో అంతస్తు’. హోటల్లో టెలిఫోన్ ఆపరేటర్ ఒంటరిగా చిక్కుకుపోతుంది, ముసుగు దొంగ ఆమె కోసం తిరుగుతుంటాడు, ఆడేవాడు ఏ తలుపులోంచి పోవాలో ఆమెకు చెప్పాలి. సరైన బటన్ నొక్కితే ఆమె తర్వాతి గదిలోకి పోతుంది. తప్పు నొక్కితే లైట్లు ఆరిపోయి కేక వినబడుతుంది, అంతటితో ఆట సరి. అలాంటి కేకలు మొత్తం పదకొండు తీశాం. బయటపడే దారి ఒక్కటే.

ఆ ఆపరేటర్ వేషం రొండాది. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. బేకర్స్‌ఫీల్డ్ అనే ఊరి పిల్ల. నటి కావాలని వచ్చి, ఒక సబ్బు ప్రకటన, రెండు సీరియళ్ళలో నర్సు వేషం, అంతే. పొట్ట కోసం రెసీడాలో పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే పని చేసేది. మొగుడు క్రెయిగ్‌తో అప్పటికే విడిపోయింది. ఐదేళ్ళ కూతురు డార్సీని చూసుకునేవాళ్ళు లేక షూటింగుకి వెంట తెచ్చేది. నా కుర్చీ పక్కన ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టి, “చప్పుడు చేశావంటే నోర్మా ఆంటీ నిన్ను నోటుబుక్కులో రాసేస్తుంది” అని బెదిరించేది. ఆ పిల్ల నా వంక అనుమానంగా చూసేది. నేను కూడా నవ్వేదాన్ని కాదు. పిల్లల్ని సెట్టుకి తీసుకొస్తే నాకు చిరాకు.

ఈ గేముల్లో అన్నిటికంటే కష్టమైంది కేకలు కాదు, ఊరికే కూర్చోవడం. ఆడేవాడు ఏ బటనూ నొక్కకపోతే ఏం చూపిస్తారు? ఆమె కూర్చుని ఎదురుచూస్తుండాలి. అందుకని ఎనిమిది సెకన్ల ముక్క ఒకటి తీస్తారు, అది మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. మొదట చెయ్యి ఎక్కడుందో చివర్లో సరిగ్గా అక్కడే ఉండాలి. లేకపోతే ఎనిమిది సెకన్లకోసారి మనిషి ఎగిరిపడినట్టు కనబడుతుంది. మా డైరెక్టరు డ్వేన్ ఇరవై నాలుగేళ్ళ కంప్యూటర్ కుర్రాడు. నటులతో ఎలా మాట్లాడాలో తెలియదు గానీ ఈ ముక్క దగ్గర మాత్రం ప్రాణం తోడేశాడు.

“మళ్ళీ. తల కదిలింది.”

“మళ్ళీ. నువ్వు మింగావు, గొంతు కదిలింది.”

“గుటక కూడా వెయ్యొద్దంటే ఎలాగయ్యా, నేను మనిషినా దిండునా?” అంది రొండా.

“ఎనిమిది సెకన్లేగా” అన్నాడు వాడు. ఇరవయ్యోసారికి అయింది. చెయ్యి మొదట ఎక్కడుందో చివరా అక్కడే ఉందని నేను నోటుబుక్కులో టిక్కు పెట్టాను.

అక్కడ లేదు. చివరి సెకనులో నేను స్టాప్‌వాచీ చూసుకుంటున్నాను, అంతలో ఆమె వేలు లేచింది. సీడీలు అచ్చయి అంగళ్ళలోకి పోయాక గానీ ఎవరూ గమనించలేదు. ఒక గేముల పత్రికవాడు ‘హోటల్ ఆపరేటర్ వేలికి ఏం రోగం?’ అని రాసి పెట్టాడు. డ్వేన్ ఫోన్ చేసి, “నోర్మా, నీకు వయసైపోతోందేమో” అన్నాడు. రెండో గేముకి నన్ను పిలవలేదు. ఆ మాట ఆ చిన్న ఊరులాంటి పరిశ్రమలో పాకింది, ఇంకెవరూ పిలవలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి వేలు గుర్తొచ్చినప్పుడల్లా రొండాని తిట్టుకునేదాన్ని.

1994 వసంతంలో ఒకరోజు పొద్దున్నే ఆమె మా గుమ్మంలో నిలబడింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“నీ నోటుబుక్కులు దాచుకుంటావు కదా నోర్మా. నాకోసం కోర్టుకి రావాలి. డార్సీని తీసుకుపోతాడు క్రెయిగ్.”

అంతవరకు ఆ పిల్ల ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం తండ్రి దగ్గర ఉండేది. ఆ ఏడాది పేపర్ల నిండా, టీవీ నిండా ఈ గేములు పిల్లల్ని పాడుచేస్తున్నాయన్న గోలే. క్రెయిగ్‌కి అది బాగా కలిసొచ్చింది. గేమ్ పెట్టె, ‘తొమ్మిదో అంతస్తు’ కొని, పదకొండు కేకలూ వరసగా ఒక టేపు మీదికి ఎక్కించాడు. ఇలాంటి పనులు చేసే తల్లి దగ్గర పిల్ల ఉండకూడదు, చూడాలంటే ఇంకో పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే చూడాలి అని కోర్టులో అడిగాడు.

“ఆ ఆట నేను ఒక్కసారి కూడా చూళ్ళేదు” అంది రొండా. “మనం ముక్కలు ముక్కలుగా తీశాం. ఏది ఎక్కడికి పోతుందో నాకే తెలీదు. నేను బయటపడతానని నీ పుస్తకంలో ఉంటుంది కదా? ఆ ఒక్క మాట చెప్పు చాలు.”

రానని చెబుదామనే నోరు తెరిచాను. ఆమె చెప్పులు చూశాను, రెండూ వేరువేరు జతలవి. ఎప్పుడని అడిగాను.

జడ్జి ముసలాయన, చెవి కొంచెం దూరం. టీవీ ఉందని తన గదిలోనే విచారణ పెట్టాడు. ముందు టేపు వేశారు. లైట్లు ఆరడం, కేక. లైట్లు ఆరడం, కేక. పదకొండుసార్లు. తీసినప్పుడు నవ్వుకుంటూ తీసినవి, అలా వరసగా వస్తుంటే నాకే చూడబుద్ధి కాలేదు. రొండా నేల వంక చూస్తూ కూర్చుంది.

నా వంతు వచ్చాక నోటుబుక్కు తెరిచి, ఇవన్నీ ఓడిపోతే వచ్చే ముక్కలనీ, గెలిచే దారి ఒకటుందనీ, అందులో ఆమె క్షేమంగా వీధిలోకి వెళ్ళిపోతుందనీ చెప్పాను.

“అయితే చూపించండి” అన్నాడు జడ్జి.

క్రెయిగ్ లాయరు సాక్ష్యం కోసం ఆ గేమ్ పెట్టె కూడా తెచ్చాడు. గుమాస్తా దాన్ని తగిలించి రిమోట్ లాంటిది నా చేతిలో పెట్టాడు. దారి మొత్తం నా పుస్తకంలో ఉంది గానీ వేళ్ళు ముసలివి. బటన్ నొక్కేలోపే లైట్లు ఆరిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ కేక. మూడోసారీ అంతే. క్రెయిగ్ లాయరు, “ఇంకా ఎన్నిసార్లు చంపుతారు మేడమ్?” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సాయం చేద్దామని వెళ్ళి ఆమె కొంప నేనే ముంచుతున్నాను.

జడ్జి చెయ్యెత్తి ఆపాడు. ఆరోజు పిల్లతో కూడా మాట్లాడాలని ముందే అనుకున్నాడట. తల్లిదండ్రులిద్దరినీ బయటికి పంపి, “మీరు కూర్చోండి, అది కట్టెయ్యకండి, మిగతాది తర్వాత చూస్తాను” అని నాతో చెప్పి, డార్సీని పిలిపించాడు. టీవీలో ఆట మళ్ళీ మొదటి గదికి వచ్చి ఆగి ఉంది. రొండా నీలం గౌనులో టెలిఫోన్ ముందు కూర్చుని మా అందరివంకా చూస్తోంది. ఆ పెట్టెకి రంగులు తక్కువ, ముఖమంతా ఇసకలో గీసినట్టుంటుంది. అయినా ఆమేనని తెలుస్తుంది.

డార్సీకి ఏడేళ్ళొచ్చాయి, ముందు పళ్ళు రెండు లేవు. లోపలికి రాగానే టీవీ వంక చూసి, “ఓ, మమ్మీని పెట్టారా?” అంది.

లాయర్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఇది నువ్వు చూశావా తల్లీ?” అన్నాడు జడ్జి.

“రోజూ చూస్తాను. డాడీ వాళ్ళింట్లో. డాడీ గరాజ్‌లో ఉన్నప్పుడు.”

“భయం వెయ్యదూ? ముసుగు మనిషి వస్తాడు కదా.”

“ఆయన లెన్నీ అంకుల్. షూటింగులో నాకు డోనట్ ఇచ్చాడు, చక్కెర వేసింది. అయినా నేను అక్కడిదాకా పోను. నేను ఆడను. ఊరికే పెట్టుకుంటాను.”

“పెట్టుకుని ఏం చేస్తావు?”

“స్పెల్లింగులు రాసుకుంటాను.” ఇంత చిన్న విషయం అర్థం కావట్లేదేమని ఆ పిల్ల ఆయనవైపు జాలిగా చూసింది. “బటన్ నొక్కితే మమ్మీ వెళ్ళిపోతుంది. తప్పు నొక్కితే లైట్లు పోతాయి. కరెక్టుగా నొక్కితే రోడ్డు మీదికి వెళ్ళిపోతుంది, పేర్లు వస్తాయి. ఏదీ నొక్కకపోతే అలాగే కూర్చుంటుంది. అన్నం తిని వచ్చినా అక్కడే ఉంటుంది.”

టీవీలో వేలు లేచింది.

“అదిగో” అంది డార్సీ. “చూశారా? అది నాకే.”

“ఏది?”

“వేలు. చప్పుడు చెయ్యకూడదు కదా, అందుకని మమ్మీ వేలెత్తితే నిన్ను చూస్తున్నాను అని అర్థం. నేను ఈ ఆంటీ పక్కనే పెట్టె మీద కూర్చున్నాను.” నా వైపు తిరిగి, “మీరు నన్ను పుస్తకంలో రాశారా?” అంది.

అడ్డంగా తలూపాను.

బయట వరండాలో రొండా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పక్కకి తీసుకెళ్ళి, ముందు అడగాల్సింది అడిగేశాను. “ఆ వేలు కావాలనే ఎత్తావా?”

ఏ వేలని అడగలేదు. “అన్నిసార్లు నేను బొమ్మలా కూర్చుంటే దానికి భయమేసింది నోర్మా. మమ్మీకి ఏమైందో అని ఏడుపుముఖం పెట్టింది. ఏడిస్తే బయటికి పంపేస్తారు. అందుకని ఎత్తాను. ఎవరూ చూళ్ళేదనుకున్నాను.”

“నేను చూళ్ళేదు. అందుకే నన్ను తీసేశారు.”

ఆమె నోరు తెరుచుకుని నా వంక చూసింది. ఆమెకు నిజంగా తెలియదు. రెండేళ్ళు నేనొక్కదాన్నే కుమిలిపోయాను. ఆ తర్వాత లోపల పిల్ల ఏం చెప్పిందో మొత్తం చెప్పాను. విని అక్కడే నేలమీద చతికిలబడి ఏడ్చింది. ఎలా ఓదార్చాలో నాకు రాదు, నోటుబుక్కు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

రెండు వారాలకు తీర్పు వచ్చింది. క్రెయిగ్ కోరింది కొట్టేశారు. మునుపటిలాగే ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. పెద్దమనిషి ఎదురుగా కూర్చోనక్కర్లేదు. రొండా ఫోన్లో అది చెప్పింది. “గేమ్ పెట్టె చెత్తబుట్టలో పారేశాడట” అంది తర్వాత. “కోర్టు నుంచి ఇంటికి పోయిన రోజే. ఇకనుంచి అక్కడ డార్సీకి నేను ఉండను.”

ఆదివారం పిల్లని క్రెయిగ్ ఇంటి దగ్గర దింపాలి, ఒక్కదాన్నీ పోలేను, బండి నువ్వు నడుపుతావా అని అడిగింది. సరేనన్నాను.

సాయంత్రం నాలుగింటికి వెళ్ళాం. డార్సీ సంచి తగిలించుకుని వెనక్కి చూడకుండా లోపలికి పోయింది, తలుపు పడింది. ఒక నిమిషానికి మేడమీద కిటికీ తెర పక్కకి జరిగింది. పిల్ల అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది, చెయ్యి ఊపలేదు. రొండా కారు కిటికీ అంచు మీద కుడిచెయ్యి పెట్టి, టీవీలోలాగే తల నిలిపి, అదే చూపుతో, కదలకుండా కూర్చుంది. చూపుడువేలు మెల్లగా లేపి దించింది.

అలవాటు చావదు కదా, నేను లోపల లెక్కపెడుతున్నాను. ఎనిమిదికి వేలు మళ్ళీ లేచింది. మళ్ళీ ఎనిమిదికి మళ్ళీ. పోదామని ఆమె అనలేదు. తాళంచెవి నా చేతిలోనే ఉంది, నేనూ తిప్పలేదు.