నడుమ ఆపేది లేదు

పెట్రోలు లీటరు వంద దాటిందని పేపర్లో చదివిన రోజు నేనేమీ బాధపడలేదు. బాధ బంకులో మొదలైంది. ఒకప్పుడు ఐదువందల నోటు ఇస్తే ట్యాంకు ముల్లు సగానికి లేచేది. ఇప్పుడు అదే నోటుకు ముల్లు కదిలిందో లేదో చూసుకోవడానికి మెడ వంచాల్సి వస్తోంది. ఇల్లు కొంపల్లిలో, ఉద్యోగం తుర్కపల్లిలో, మందుల కంపెనీలో. మధ్యలో మేడ్చల్, శామీర్‌పేట. కంపెనీ క్యాబులు పెద్ద హోదా వాళ్ళకూ రాత్రి షిఫ్టు వాళ్ళకూ మాత్రమే. పొద్దుటి షిఫ్టులో పనిచేసే మాలాంటి నడిమి రకం వాళ్ళు సొంతంగా వెళ్ళాల్సిందే.

నాది ల్యాబు పని. ఏదైనా పట్టుకుంటే పద్ధతిగా పట్టుకోవడం నాకు జబ్బు. చల్లటి వేళ పెట్రోలు చిక్కగా ఉంటుందని ఎవరో చెబితే, నెల రోజులు తెల్లారకముందే లేచి బంకుకు వెళ్ళాను. ట్యాంకు భూమిలో ఉంటుంది, ఎప్పుడు పోయించుకున్నా ఒకటేనని ఇంకొకరు చెప్పారు. అయినా వెళ్ళడం మానలేదు. ప్రతి ఆదివారం టైర్లలో గాలి చూపించేవాణ్ణి. బరువు తగ్గాలని డిక్కీ ఖాళీ చేశాను. గొడుగు తీశాను, చాప తీశాను, ఆఖరికి స్టెప్నీ కూడా తీసి మంచం కింద పెట్టాను. ఏసీ బంద్. అద్దాలు మొత్తం దించితే గాలి బండిని వెనక్కి లాగుతుందని ఫోన్లో చదివి, నాలుగు వేళ్ళ సందు మాత్రమే వదిలేవాణ్ణి. స్టీరింగు వెనక లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తోందో చూపించే అంకె ఒకటి ఉంటుంది. రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూసేవాణ్ణి.

"కారు కొన్నది కూసోనీకా, గా నంబరు సూసుకోనీకా?" అని మా ఆవిడ ఒకరోజు అడిగింది. తర్వాత నా కారెక్కడం మానేసి ఆటోలో తిరగడం మొదలుపెట్టింది. ఆమె బరువు కూడా తగ్గిందిలే అనుకున్నాను.

ఇన్ని చేసినా అంకె అంతంతమాత్రమే. మిగిలిన దారి ఒక్కటే, నలుగురం కలిసి వెళ్ళి పెట్రోలు పంచుకోవడం. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే మేడమ్ ఒకామె మా కంపెనీ లెక్కల విభాగంలో పనిచేసేది. ఆమె ముందు సీటు. ప్యాకింగ్ సూపర్‌వైజర్ ఒకతను మేడ్చల్‌లో ఎక్కేవాడు. నాలుగో మనిషి మా స్టోర్‌కీపర్. కంపెనీలో అందరికీ ఆయన కాక.

కాకది బహదూర్‌పల్లి. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలు ఉంది. కంటి ఆపరేషన్ అయ్యాక ఒకసారి గండిమైసమ్మ చౌరస్తాలో స్కూటర్ మీంచి పడితే, ఇంట్లోవాళ్ళు తాళంచెవి దాచేశారు. బస్సులో రావాలంటే కొంపల్లిలో ఒకటి, మేడ్చల్‌లో ఒకటి, శామీర్‌పేటలో ఒకటి మారాలి. ఎనిమిదింటికి గేటు దగ్గర వేలిముద్ర పడకపోతే లేటు. వయసైపోయిన వాళ్ళలో లేట్లు ఎక్కువున్న వాళ్ళను గడువుకు ముందే ఇంటికి పంపుతారని ఆ ఏడాది కంపెనీలో గుసగుసలు నడుస్తున్నాయి. అప్పటికే ఇద్దర్ని పంపారు కూడా.

మొదటిరోజు కారెక్కేముందు చెప్పులు దులుపుకుని, డోరు పట్టుకుని నిలబడి అన్నాడు.

"సారూ, గీ సీటు ఉంటె నా పద్నాలుగు నెలలు ఎట్లనో ఒడుస్తయి. లేకుంటె లేదు."

ఆ మాట నాకు నచ్చింది. ఒక మనిషి బతుకు నా వెనక సీట్లో ఉందంటే ఎవరికి నచ్చదు? వెంటనే నా షరతులు చెప్పాను. ఆరూ నలభైకి మా గేటు ముందు ఉండాలి. ఏసీ అడగొద్దు. డోరు గట్టిగా వేయొద్దు. అన్నిటికంటే ముఖ్యం, నడుమ ఎక్కడా ఆపేది లేదు. ఆగిన బండిని మళ్ళీ కదిలించడానికే పెట్రోలు ఎక్కువ తాగుతుందని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కాక చేతులు కట్టుకుని విన్నాడు.

వారం తిరగకముందే ఆయన కష్టం బయటపడింది. షుగరు మనిషి. శామీర్‌పేట చెరువు కనబడేసరికి సీట్లో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టేవాడు.

"సారూ, జర పక్కకు ఆపుతరా? ఒంటికి పోయొస్త. రెండే నిమిషాలు."

"ఇంట్ల పోయి రాలేదా కాకా?"

"పోయిన సారూ. షుగరు గదా, ఆగది."

"ఇగ పది నిమిషాల్ల గేటుకాడ ఉంటం. పట్టుకో."

మొదటిసారి ఆపాను. ఆపి, ఆయన పొదల వైపు నడుస్తుంటే, ఆయనకు వినబడేలాగే "సూడుండ్రి, నంబరు ఎట్ల పడిపోతాందో" అన్నాను. ప్యాకింగ్ అతను నవ్వాడు. మేడమ్ గడియారం చూసుకుంది. రెండోసారి ఆపలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆపలేదు. చెరువు కనబడగానే "కాకా, నీళ్ళొచ్చినయి, అటు సూడకు" అని ప్యాకింగ్ అతను రోజూ అనేవాడు, మేం రోజూ నవ్వేవాళ్ళం. కాక కూడా నవ్వేవాడు. నవ్వకపోతే సీటు పోతుందని ఆయన భయం. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే నవ్వేవాణ్ణి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు కదా. నేను పిల్లిని. ఆ నెలల్లో నాకు చాలా హుషారుగా ఉండేది.

కొన్నాళ్ళకు ఆయన ఆపమని అడగడం మానేశాడు. మాట విన్నాడని సంతోషించాను. సంగతేమిటంటే, ముందురోజు చీకటి పడ్డాక నీళ్ళు ముట్టడం మానేశాడట. మే నెల. ఏసీ లేదు, అద్దం నాలుగు వేళ్ళ సందు. వెనక సీటులో పెదవులు నాలుకతో తడుపుకుంటూ కూర్చునేవాడు. నా సీసాలో నీళ్ళు నేను తాగుతుంటే అద్దంలో ఆయన చూపు తిప్పుకోవడం కనబడేది. ఇస్తానని నేనెన్నడూ అనలేదు. ఇస్తే మళ్ళీ ఆపాల్సి వస్తుంది కదా.

జూన్ మొదట్లో స్టోరులో కళ్ళు తిరిగి పడిపోయాడు. డాక్టరు గట్టిగా తిట్టాడట, నీళ్ళు లేక కిడ్నీలు పోతాయని. మర్నాడు కారెక్కుతూ "డాక్టరు నీళ్ళు మస్తు తాగుమన్నడు సారూ" అన్నాడు. అది అనుమతి అడగడం. నేను "మంచిదే కదా, తాగు" అన్నాను. ఆపుతానని మాత్రం అనలేదు.

మూడు రోజులకు మేడ్చల్ దాటగానే రోడ్డుకు అడ్డంగా లారీ నిలిచిపోయింది. ముందు వంద బళ్ళు, వెనక వంద బళ్ళు. ఇంజన్ ఆపేశాను. ఇరవై నిమిషాలు గడిచాయి. కాక ముందుకు వంగాడు.

"సారూ, బండి ఎట్లనో ఆగే ఉన్నది. ఇట్ల దిగి అట్లొస్త."

న్యాయమైన మాట. ఆగిన బండికి అదనంగా ఒక్క చుక్క ఖర్చు కాదు. కానీ దూరంగా ముందున్న బళ్ళు స్టార్టు చేస్తున్న చప్పుడు వినబడింది. ఈయన దిగాడంటే, దారి తెరుచుకున్నాక మేం ఆగాలి, పక్కవాళ్ళు మా ముందు దూరతారు.

"డోరు తియ్యకు. ఇప్పుడే కదులుతది" అన్నాను.

కదల్లేదు. ఇంకో పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పదిహేను నిమిషాల్లో కావాలంటే ఆయన పదిసార్లు దిగి రావచ్చు. నేను డోరు తియ్యకన్నాను కాబట్టి తియ్యలేదు. చివర్లో ఒకసారి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ నన్ను ముట్టుకోని మనిషి. సరిగ్గా అప్పుడే ముందు బండి కదిలింది, నేను గేరు వేశాను. చెయ్యి దానంతటదే జారిపోయింది.

చెరువు దగ్గరికి వచ్చేసరికి కార్లో వాసన వచ్చింది. ప్యాకింగ్ అతను కిటికీ వైపు జరిగాడు. మేడమ్ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, అంతవరకు మేం మనుషులమే.

ఏడూ యాభై ఎనిమిదికి గేటు చేరాం. అందరం దిగాం. కాక దిగలేదు.

"మీరు పోండ్రి సారూ. నేను తుడిచి తాళం తెచ్చిస్త" అన్నాడు, తల ఎత్తకుండా.

నేను వెళ్ళి వేలిముద్ర వేశాను. ఎనిమిదికి ఇంకా నిమిషం ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, డబ్బాలో ఇంటి నుంచి తెచ్చుకున్న తాగే నీళ్ళు పోసి, మెడలో తువ్వాలతో నా సీటు తుడుస్తున్నాడు. "ముందు వేలిముద్ర వేసి రా కాకా" అని అరవొచ్చు. అరిస్తే ఆయన తడి ప్యాంటుతో గేటు దాటి అందరి ముందు నుంచి రావాలి. అందుకే అరవలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. సీటు మరక పడుతుందని అరవలేదు. ఆయనకు ఆ రోజు లేటు పడింది.

ఇక్కడితో ఆపి ఉంటే నా పాపం మామూలు పాపమే అయ్యేది.

మధ్యాహ్నం నేను స్టోరుకు చీటీ రాశాను. మా దగ్గర ఏ వస్తువు కావాలన్నా చీటీ మీద వస్తువు పేరు, కొలత, ఎందుకో రాసి సంతకం పెట్టాలి. డ్రమ్ముల లోపల పరిచే మందపాటి ప్లాస్టిక్ కవరు, స్క్రాపులోది, రెండు మీటర్లు అని రాశాను. ఎందుకు అన్న చోట ఖాళీ వదిలాను. ఎవరి చేతైనా పంపించవచ్చు, నేనే తీసుకెళ్ళాను. కాక అప్పటికి ఎవరిదో పాత యూనిఫాం ప్యాంటు వేసుకుని ఉన్నాడు. చీటీ చదివాడు.

"దేనికని రాయమంటరు సారూ?"

"కారుకు."

ఆయన పెన్ను మూత తీసి, చీటీ తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత తన గుండ్రటి అక్షరాలతో "కారు సీటుకు" అని ఆయనే రాశాడు. చుట్టలోంచి కవరు లాగి, స్కేలు పెట్టి కొలిచి, కత్తెరతో వంకర లేకుండా కోశాడు. నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు.

"రెండు మీటర్లు సరిపోతదా సారూ? ఇంక జర ఎక్కువ కోయాల్నా?"

సరిపోతుందన్నాను.

మర్నాడు దాన్ని వెనక సీటు మీద, ఆయన కూర్చునే వైపు మాత్రమే పరిచాను. ప్యాకింగ్ అతని వైపు పరచలేదు. ఆరూ నలభైకి కాక వచ్చి డోరు తీశాడు, చూశాడు, కూర్చున్నాడు. కదిలితే కవరు చప్పుడవుతుంది. అందుకని తుర్కపల్లి దాకా ఆయన కదల్లేదు. రోజూ దిగేటప్పుడు తడిగుడ్డతో దాన్ని తుడిచేవాడు, దాని మీద ఏమీ లేకపోయినా.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున మేడమ్ ఇంకా కిందికి దిగిరాలేదు. కాక నా కిటికీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"సారూ, ఇగ ఆ కవరు తీసెయ్యుండ్రి. పెద్దోళ్ళకు గూడ డైపర్లు దొరుకుతున్నయట. ఏసుకున్న. ఇగ మీకు పరేషాన్ లేదు."

నాకు సిగ్గు వేయలేదు. హాయిగా అనిపించింది. ఎండాకాలం మళ్ళీ వచ్చినా, ఎన్ని లారీలు అడ్డం పడినా, ఇక బండి ఆపమని అడిగేవాడు లేడు. "మంచి పని చేసినవ్ కాకా" అని మెచ్చుకున్నాను. సిగ్గు ఇప్పుడు, రాస్తుంటే వేస్తోంది. దానివల్ల ఆయనకేం ఒరిగింది?

మిగిలిన నెలలన్నీ అలాగే గడిచాయి. ఆయన గడువుకు ముందు ఇంటికి పోలేదు. రిటైరైన రోజు క్యాంటీన్లో శాలువా కప్పి, దండ వేసి, నాలుగు మాటలు చెప్పమన్నారు. కాక మైకు పట్టుకున్నాడు. పెద్ద సార్ల పేర్లేవీ చెప్పలేదు. నా వైపు చూశాడు.

"గా సారు లేకుంటె నేను ఈడిదాంక రాకపోదును. పద్నాలుగు నెలలు బండ్ల తెచ్చిండు. నా పేరు మీద ఒక్కటే లేటు ఉన్నది. అది సారు తప్పు కాదు, నాదే."

ఎత్తిపొడుస్తున్నాడేమోనని ఆయన ముఖం వెతికాను. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. పద్నాలుగు నెలలు రోజూ చెప్పి చెప్పి, ఆయన్ని అలా నమ్మేలా చేసింది నేనే.

అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. మేడమ్ కొట్టింది. ప్యాకింగ్ అతను కొట్టాడు. నేను లేచి నిలబడి అందరికీ దండం పెట్టాను.