ఆకుపచ్చ దారం నూనె

ఇది ఇంతకుముందు రాయలేకపోయాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. వచ్చాక కూడా ఆగాను. పప్పు పొట్లం విప్పినా ఆ కాగితం ముక్కను చదవందే వదలని మనిషి మా తోడికోడలు. నేనేం రాసినా మొదట ఆమె చేతిలోనే పడేది. ఇప్పుడామె మధిరలో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న మనవరాలు ఖమ్మం నుంచి తలనూనె సీసా తెచ్చింది. మెడకు నారదారం చుట్టి ముడి వేసి ఉంది. "ఇప్పుడిదే ఫ్యాషన్ నానమ్మా" అంది. నాకు నవ్వు రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, టేకులపల్లి దగ్గర మా ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లం వాసన నూనెలు కాచేవాళ్లం. సీసాలన్నీ ఒకే రకం. మాలో చాలామందికి చదువు రాదు కనుక మెడకు రంగు దారం కట్టడం నేను మొదలుపెట్టాను. మరువానికి ఆకుపచ్చ, సంపెంగకు పసుపు, వట్టివేరుకు ఎరుపు. నవమి రోజుల్లో భద్రాచలంలో మా అంగడి మీద కూర్చునేది నేనే. ఏటా వచ్చే ముసలమ్మలు నూనె పేరు చెప్పేవారు కాదు. "ఆకుపచ్చ దారంది ఇయ్యి బిడ్డా, పోయినేడుదే" అనేవారు. ఏడాదంతా నూనె కాచే కాగు ముందు పొగ మింగే నాకు ఆ కొద్ది రోజులే పండుగ. నీడన కూర్చోవడం, నలుగురూ నన్ను గుర్తుపట్టి పలకరించడం.

తోడికోడలు బడికి పోయి చదువుకున్నది. పెద్ద దుకాణాలు మా నూనె తీసుకోవాలంటే సీసాలు పెట్టే అట్ట డబ్బాలు బాగుండాలని, ఖమ్మం నుంచి బొమ్మలు గీసే అతన్ని ఆమే పిలిపించింది. నా భయం నాది.

"దారం తీసేస్తరా ఏంది, చెల్లె?"

"ఎందుకు తీస్తం అక్కా? గది నీ గుర్తు. నేనున్న కదా, చెప్త" అంటూ నా చేతిలో చాయ్ గ్లాసు తీసుకుని మిగిలింది తాగేసింది. అంత చనువు మాది.

నవమికి డబ్బాలు వచ్చాయి. అన్నీ ఒకటే బంగారు రంగు, పైన మెరిసే కాగితం. తేడా అంతా అక్షరాల్లోనే. అంగడి మీద ఒక డబ్బా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అట్ట వాసన వచ్చింది. కొనడానికి వచ్చినామె నవ్వింది.

"ఏం పెద్దమ్మా, నూనె అమ్ముతున్నవా, అట్ట అమ్ముతున్నవా?"

నేనూ నవ్వాను. తోడికోడలు నవ్వలేదు. "అక్కా, రేపటి సంది నువ్వు కాగు కాడ ఉండు. ఈడ నేను చూసుకుంట."

సాయంత్రం బొమ్మలు గీసినతను అంగడి చూడ్డానికి వచ్చాడు. దారం ఎందుకు పెట్టలేదని అడిగాను. పాపం, అతనికేం తెలుసు.

"పెట్టే గీసిన అమ్మా, డబ్బా మీద రంగు దారం. మీ చెల్లెనే వద్దన్నది. దారం ఉన్నన్ని రోజులు మా అక్కనే కూసుంటది, ఇంకెవర్ని కూసోనియ్యదు అన్నది."

ఆమె మా పక్కనే ఉంది. సర్దిన డబ్బాలనే మళ్లీ సర్దుతోంది. బస్సులో ఇద్దరం ఒకే సీటులో ఇంటికి వచ్చాం. బూర్గంపాడు దాటాక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను భుజం జరపలేదు.

మరుసటి పొద్దున మిరపకాయలు కోసే కూలీల ఆటో వస్తే ఎక్కాను. ఆమె గడపలో తల దువ్వుకుంటోంది.

"ఏడికక్కా? కాగు ఎవరు చూస్తరు?"

నేను రోడ్డు వైపు చూశాను. ఆటో కదలడానికి పట్టిన ఆ కాసేపు ఎంత పొడుగో చెప్పలేను. మళ్లీ కాగు ముఖం చూడని ఆ తర్వాతి ఏళ్లన్నీ దానికంటే జల్దీగా గడిచాయి.