హాస్టల్ మేడకు వేసిన రంగు

నల్గొండ దగ్గరి పల్లె నుంచి కోచింగ్ కోసం వచ్చిన శ్రీకళకు దిల్‌సుఖ్‌నగర్‌లో మొదట చోటిచ్చింది సుమిత్రమ్మ నడిపే ఆడపిల్లల హాస్టల్. పై అంతస్తు గదిలో చదువుకున్న ఆ అమ్మాయే ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఒక చిన్న సంస్థలో ఇంజినీరు. కట్టడాలలో వేడి, తేమ ఏ దారిన నడుస్తాయో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టి చెప్పడం ఆమె ఉద్యోగం.

ఈసారి ఆమె ముందుకు వచ్చింది ఆ హాస్టల్ పైకప్పే. వానలకు ముందు సుమిత్రమ్మ స్లాబు మీద వేడిని ఆపే పలకలు పరిపించి, తెల్లరంగు వేయించింది. ఇప్పుడు పై గదుల మూలల్లో చెమ్మ. స్లాబులో చిక్కిన తడి ఏటేటా పెరుగుతుందని కంప్యూటర్ తేల్చింది. అదే నిజమైతే పలకలన్నీ పెకలించాలి. పరీక్షల ముందు పై అంతస్తు పిల్లలు ఖాళీ చేయాలి. అట్లా కావచ్చన్న సంగతి చెవినపడి వాళ్ళప్పుడే బ్యాగులు సర్దుకుని వేరే హాస్టళ్ళు వెతుకుతున్నారు. ఖాళీ చేయాలన్న మాట తన నోటితో చెప్పవలసి రావడం శ్రీకళకు మింగుడుపడలేదు. చెప్పేముందు ఒకసారి మేడ చూద్దామని వెళ్ళింది.

తాళంచెవి ఇవ్వడానికి సుమిత్రమ్మ తటపటాయించింది.

"మీదికెందుకు బిడ్డా? ఫొటోలు పంపిన గద!"

"అవి రంగేసిన నాటివి ఆంటీ. జర చూసొస్తా."

తలుపు తీసి శ్రీకళ నిలబడిపోయింది. మేడంతా ఎర్రమట్టి లాంటి నిండు జాజు రంగు!

"ఏంది ఆంటీ ఇది?"

"తిట్టకు. బతుకమ్మ ఆడుతమని పిల్లలు ఎంటబడ్డరు. తెల్లరంగు మీద ముగ్గెట్ల కనబడుతది? గందుకే జాజు ఏయించిన. పలకల కంపెనోళ్లకు తెలిస్తే గ్యారంటీ పోతదని ఎవ్వరికీ చెప్పలే."

"డాక్టర్ దగ్గర జొరం దాస్తరా ఎవరన్న?"

కోపమూ నవ్వూ కలిసి వస్తుండగా శ్రీకళ మెట్ల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. రాత్రివేళ ఆకాశం వైపు వేడిని విడిచే గుణం తెలుపుకైనా జాజుకైనా ఇంచుమించు ఒకటే. ఆ అంకెను ముట్టుకోలేదు. ఎండను పీల్చుకునే అంకెను మాత్రం జాజుకు తగినట్లు పెంచింది. తెలుపు ఎండను తిప్పికొట్టి స్లాబును చల్లగా ఉంచుతుంది గనుక తడి ఆరదు. జాజు వేడెక్కి ఆ తడిని గదుల వైపు తోలి ఆరగొడుతుంది.

లెక్క నడుస్తున్నంతసేపూ సుమిత్రమ్మ కొంగు నలుపుతూ నిలబడింది. తెరమీద తడిని చూపే గీత ఈసారి ఏటేటా కిందికే దిగింది. రంగు వెలిస్తే ఎట్లా ఉంటుందోనని శ్రీకళ ఎండను పీల్చే అంకెను కొంత తగ్గించి మళ్ళీ చూసింది. అప్పుడూ దిగింది. ఆమె భుజాల మీది బరువూ దానితోపాటే దిగింది.

"పలకలు పీకుడు లేదు ఆంటీ. తడి ఆరుతది. కిటికీలు తెరిచి పెట్టుండ్రి చాలు. ఎండకాలం మాత్రం మీది అంతస్తు గదులు ఇంకింత ఉడుకుతయ్."

"కూలర్లు పెట్టిస్త తియ్! మరి పిల్లలు?"

"ఎక్కడోళ్లు అక్కడనే."

సుమిత్రమ్మ ఆమె పక్కనే మెట్టుమీద చతికిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, కిందికి వంగి గొంతెత్తింది: "ఓ పిల్లలూ, ఎవ్వరూ పోయేది లేదు! బ్యాగులు లోపట పెట్టుండ్రి!"