గబ్బిలాలు బయటికి రాని సాయంత్రం

ఆ ఏళ్లలో రంజాన్ నడి ఎండాకాలంలో వచ్చేది. నరసరావుపేట ఎండ సంగతి చెప్పాలా, గోడ మీద చెయ్యి పెడితే కాలేది. మా అత్తకు షుగరు. రోజాలు, మా మాటలో ఒక్కపొద్దులు, ఉండొద్దని డాక్టరు చెప్పాడు, నా భర్త చెప్పాడు, నేనూ చెప్పాను. ఆవిడ వింటే కదా. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఆ నెల్లాళ్లూ నాకు మధ్యాహ్నం నుంచే గుండెదడ మొదలయ్యేది.

మా వసారా తలుపు పైన, గోడకీ కప్పు బండకీ మధ్య వేలు పట్టేంత సందు. అందులో బొటనవేలంత గబ్బిలాలు కాపురముండేవి. పండ్లు తినే పెద్దవి కావు, దోమల్నీ రెక్కల పురుగుల్నీ తినే చిన్న జాతి. పొద్దున్నే గడప దగ్గర ఎలుక పెంటికల్లాంటివి ఊడ్చేదాన్ని. కాలి కింద నలిగితే పొడై, అందులో పురుగుల రెక్కలు తళుక్కుమనేవి. గబ్బిలాలు చేరిన కొంప పాడవుతుందని పక్కింటి పిన్ని పోరేది. అత్త మాత్రం, "ఉండనీయే, దోమలన్నా తగ్గుతన్నయ్" అనేది.

అసలు సంగతి వేరు. పొద్దు కూకగానే ముందు ఒకటి సందులోంచి మూతి బయటపెట్టి, కాసేపు ఆగి, జారిపడుతున్నట్టే కిందికి దూకి రెక్క విప్పేది. దాని వెనకే మిగతావి. ఇంచుమించు అప్పుడే మసీదు మైకులో అజాన్ వినపడేది. అత్తకు అదొక గురి. అజాన్ విన్నా సరే, సందు వైపు చూశాకే ఒక్కపొద్దు విడవడానికి నీళ్ల గ్లాసు అందుకునేది.

ఒకరోజు సాయంత్రం గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది, లాంతరు వెలిగించాను, వాన అందుకుంది. మైకు మూగబోయింది. ఇంట్లో గడియారం లేదు. ఉన్న ఒక్క వాచీ లారీ షెడ్డులో పనిచేసే నా భర్త చేతికుంది. మబ్బుకు ఎప్పుడో చీకటైంది, గబ్బిలాలు మాత్రం కదల్లేదు. మంచం మీద అత్త చేతులు వణుకుతున్నాయి, నుదురంతా చెమట.

"పొద్దుపోయిందత్తా, తాగు."

"అయ్యి రాకుండానే పొద్దు కూకిందంటావేందే?"

"జబ్బు మనిషికి తప్పు లేదంట."

"నాకు చెప్పొచ్చావులే."

మాట ముద్దగా వస్తోంది. గాలివానలో పురుగు ఎగరదు, పురుగు లేనిదే గబ్బిలం గూడు వదలదు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. నాకు తెలిసిందల్లా ఆవిడ కళ్లు మూతలు పడుతున్నాయని.

"గబ్బిలాలు పోయినయ్ అత్తా. నువ్వు కళ్లు మూసుకున్నప్పుడే అన్నీ పోయినయ్" అన్నాను.

ఆవిడ నోరు తెరిచింది. షుగరు పడిపోతే ఇవ్వమని డాక్టరు చెప్పిన చక్కెర నీళ్లు గుక్క గుక్కగా తాగించాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.

వణుకు తగ్గి, లేచి కూర్చుని ఖర్జూరం నములుతుండగా వాన వెలిసింది. సందులోంచి ఒక మూతి బయటికొచ్చింది. ఒక్కొక్కటే మా ఇద్దరి కళ్ల ముందే దూకి వెళ్లిపోయాయి. నేను తల దించుకున్నాను. అప్పుడే నా భర్త తడిసిన బట్టలతో వచ్చి, మసీదులో నమాజు కూడా ఎప్పుడో అయిపోయిందన్నాడు.

అత్త ఖర్జూరం గింజ ఊసేసి నా వైపు తిరిగింది. "రేపట్నుంచి వాటికేసి చూడన్లే. నీ మొగం చూసే ఇడుస్తా ఒక్కపొద్దు" అంది.

అన్నట్టే చేసింది. మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి ఆవిడ చూపు నా మొహం మీదే ఉండేది. పొద్దు కూకిందని చెప్పే భారం ఇక నాదే, నాకు భయం రెట్టింపైంది. ఆవిడ చూడకుండా, నేను ఆ సందు వైపే చూస్తూ కూర్చునేదాన్ని.