కంప్యూటర్లు చెడిపోని వేసవి

ఈ పరాయి దేశంలో ఎండాకాలం మొదలయ్యే డిసెంబరులో కూరగాయల కొట్టు ముందు మామిడిపండ్ల అట్టపెట్టెలు పేర్చగానే, ఆ వాసనకు నాకు ఇక్కడే టూంగాబీ అనే ఊళ్లో గడిచిన ఒక ఎండాకాలం గుర్తొస్తుంది. ఆఫీసు నుంచి అలసిపోయి వస్తూ, పండ్లు కొనే సంగతి మరిచి కాసేపు అక్కడే నిలబడిపోతాను.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. రెండువేల సంవత్సరం రాగానే తేదీ అర్థంకాక కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులు. వాటిని సరిచేసే కాంట్రాక్టు మీద మా నాన్న కాకినాడ నుంచి, పై ఫ్లాటులో ఉండే రెహానా వాళ్ల నాన్న అన్వర్ అంకుల్ హైదరాబాదు నుంచి వచ్చి ఒకే ఆఫీసులో చేరారు.

పాదాలకు గుచ్చుకునే ఎండుగడ్డి, చెవులు చిల్లులు పడేలా అరిచే కీచురాళ్లు, గొట్టంతో ఒకరి మీద ఒకరం చల్లుకునే నీళ్లు, ఇవే మా సెలవులు. ఆ ఏడు రంజాన్ కూడా ఆ ఎండల్లోనే వచ్చింది. మొదటిసారి రోజా ఉన్న రెహానా, సాయంత్రం ఎనిమిదైనా పొద్దు వాలని ఆ ఊళ్లో ఎండిన పెదవులతో కిటికీ దగ్గర కూర్చుంటే, తోడుగా నేనూ మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. పొద్దుపోవడానికి వీడియో షాపులో ఒక జపాను కార్టూన్ సినిమా అద్దెకు తెచ్చుకున్నాం: సెలవులకు అమ్మమ్మ ఊరొచ్చిన ఒక పిల్ల, ఆ సముద్రపు పల్లెలో దొరికిన స్నేహితురాలు, వేసవి అయిపోగానే కదిలిపోయే రైలు.

"ఏడుస్తున్నవా?" అంది రెహానా.

"లేదు, కళ్లు మండుతున్నాయంతే."

తనూ ఏడుస్తూనే ఉంది. "కొత్త సంవత్సరం ఏం ఖరాబ్ కాకపోతే మా అబ్బా పని అయిపోతదంట. మేం వాపస్ పోతం" అంది.

ఆ రోజు నుంచి ఎక్కడో ఒక్క కంప్యూటరైనా చెడిపోవాలని ఇఫ్తార్ ముందు తను దువా చేసేది, అమ్మ వెలిగించిన దీపానికి నేను దండం పెట్టుకునేదాన్ని. ఏదీ చెడిపోకూడదని నాన్నలిద్దరూ ఆదివారాలు కూడా ఆఫీసుకు వెళ్లి, ఎర్రబడిన కళ్లతో తిరిగొచ్చేవారు.

ఏదీ చెడిపోలేదు. దీపాలు వెలిగాయి, రైళ్లు నడిచాయి. రంజాన్ పండగ నాడు అన్వర్ అంకుల్ షీర్ ఖుర్మా గిన్నెతో మా గుమ్మంలో నిలబడి, "కంప్యూటర్లన్నీ మంచిగున్నయ్ అన్నా, మన పనే అయిపోయింది" అని నవ్వారు. నాన్న నవ్వలేకపోయారు; నాన్నను మాత్రం ఆఫీసువాళ్లు ఇంకొన్నాళ్లు ఉంచుకున్నారు. నడుం విరిగేలా చేసిన పని బాగా కుదిరినందుకే మనిషిని పంపించేస్తారని నాకు మొదటిసారి తెలిసింది ఆ గుమ్మంలోనే.

విమానాశ్రయంలో మేం ఏడవలేదు. సినిమాలోలా చేయి ఊపుతూ వెంట పరిగెత్తడానికి అక్కడ రైలు లేదు. అద్దాల తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

వీడియో షాపు స్థలంలో ఇప్పుడు మందుల షాపుంది, మా ఫ్లాట్లు కూల్చేశారు. నాన్న పనే నేనూ చేస్తున్నాను, ఆ కళ్ల మంట నాకూ వచ్చింది. పండగలకు రెహానా, నేను ఫోనులో శుభాకాంక్షలు పంపుకుంటాం, పిల్లలు బాగున్నారా అని అడుగుతాం, బాగున్నారని రాసుకుంటాం. ఆ తర్వాత ఎవరి పనిలో వాళ్లం పడిపోతాం.