జిల్లేడుకు కన్యాదానం

మాధవరంలో పొద్దున ఆరున్నర బస్సు ఎక్కినాను. ఒళ్ళో మట్టితొట్టి, తొట్టిలో తెల్లజిల్లేడు. ఆకులకు పసుపు రాసి, మొదలుకు ఎర్రగుడ్డ చుట్టినాను. ఆ పొద్దు నేను పెండ్లికూతురి తండ్రిని.

ఎందుకు పోయినానో ముందే చెప్పేస్తాను. నాది విషాల పెరడు. నల్ల ఉమ్మెత్త, పచ్చగన్నేరు, గురివింద తీగ, అడవినాభి, జిల్లేడు, అన్నీ నేనే పెంచినాను. వంద రకాలున్నాయని చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరు. ఆ పేరు నేను తెచ్చుకున్నదే. నిజానికి చేతివేళ్ళతో లెక్క తెగిపోతుంది. బడిలో తెలుగు చెప్పి రిటైరైనాక మొదట పూలమొక్కలే పెట్టినాను. మేకలు తినిపోయినాయి. మళ్ళీ పెట్టినాను, మళ్ళీ తినిపోయినాయి. మేక ముట్టనిది ఏదుందా అని వెతుక్కుంటూ పోతే చివరకు విషమే మిగిలింది.

చూడవచ్చినవాళ్ళకు కథలు చెప్తాను. గురివింద గింజతో కంసాలులు బంగారం తూచిన సంగతి, వెనకటికి బాటసారుల తిండిలో ఉమ్మెత్త కలిపి మూటలు దోచుకున్న దొంగల సంగతి, అదే ఉమ్మెత్తను మనం శివుని నెత్తిన పెట్టి దండం పెట్టే సంగతి. ఈ తెల్లజిల్లేడును మాత్రం హిమాలయాల నుంచి వచ్చిన సాధువు ఇచ్చినాడని చెప్తాను. ఏ సాధువూ ఇయ్యలేదు. దూదితో ఎగిరొచ్చిన విత్తనం మా గోడ పగుల్లో మొలిస్తే ఊడబెరికి తొట్టిలో నాటినాను.

ఆ సాధువు కథ నాగరాజు చెవిన పడింది. నాగరాజు నా భార్య వైపు దూరపు చుట్టం. ఎమ్మిగనూరుకు ఇవతల ఒక పల్లెలో వేరుశెనగ పండిస్తాడు. పెండ్లాడిన ఇద్దరూ పోయినారు. తుగ్గలి దిక్కున మూడో సంబంధం కుదిరింది. మూడో పెండ్లాం బతకదని మా నమ్మకం. అందుకని ముందు జిల్లేడుకు తాళి కడతారు. అది మూడోదవుతుంది. కట్టినాక చెట్టును నరికేస్తే మూడోది కూడా పోయినట్టే. తరువాత వచ్చే ఆడమనిషి నాలుగోది, ఆమెకు గండం లేదు. చెట్టుకు తండ్రిగా ఒకరు కూచుని నీళ్ళు వదలాల.

“సాదువిచ్చిన సెట్టు. పెంచినోనివి నువ్వే, కూచునేది నువ్వే మామా” అని నాగరాజు ఫోన్ చేసినాడు. ఆదోనిలో పురోహితుణ్ణి కలుపుకుని రమ్మన్నాడు. నాకు ఆడపిల్లలు లేరు. సంబరపడి ఒప్పుకున్నాను.

కండక్టరు తొట్టిని చూసినాడు. “దీనికి లగేజీ కొట్టాల పెద్దాయనా.”

“లగేజీ కాదప్పా, ఆడపిల్ల. పెండ్లికి పోతాంది. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ గదా?”

“ఫ్రీనే. ఆధార్ కార్డు సూపించమను.”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి లగేజీ టికెట్ తీసుకున్నాను. పక్కసీటు ఆమె ఒక ఆకు తుంచబోతే వద్దన్నాను. ఆ పాలు కంట్లో పడితే చూపుకే మోసం. ఆమె లేచి ముందు సీటుకు పోయింది. విషం పెంచేవాడికి బస్సులో చోటు ఎప్పుడూ దొరుకుతుంది.

ఆదోని చేరేసరికి ఎనిమిది. రోడ్డు నిండా పత్తి లారీలు, గాల్లో దూది. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఆ ఊరు పోయేవాళ్ళు బజ్జీ వేడిగా వేయించుకుని తినండి, తట్టలో ఉన్నవి వద్దు. చెయ్యి కడుగుతుండగానే పురోహితుడు అయ్యవారు వచ్చినాడు, చంకలో సంచి, నొసట గంధం.

“కన్యాదానం చేసేవాడు ఉపాసముండాల పంతులూ. ఏమైనా తిన్నావా?” అని నన్నడిగినాడు.

“మంచినీళ్ళు కూడా ముట్టలేదు స్వామీ” అన్నాను. ఆయన నా మీసానికి అంటిన బొరుగు వైపు చూసి, సంచి రెండో చంకలోకి మార్చుకున్నాడు.

తొమ్మిదికి పల్లెల మీదుగా ఎమ్మిగనూరు పోయే బస్సు ఎక్కినాము. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఈ పల్లెల్లో ఆగదు. అయ్యవారు కూచోగానే కళ్ళు మూసుకున్నాడు. ఎదురుసీట్లో సుంకమ్మ అనే ముసలామె కూచుంది. కూతురి ఇంటి నుంచి ఊరికి పోతున్నదట.

“యాడికి తాతా, జిల్లేడుకు పసుపు పూసుకోని?”

“ఫలానా పల్లెకమ్మా. నాగరాజని, ఆయన పెండ్లి.”

“మా ఊరే” అని ఆమె మొక్క వైపు చూసింది. “మల్లానా?”

ఆ ‘మల్లానా’లో ఏదో ఉంది. గండం సంగతి చెప్పినాను.

“ఏం గండం తాతా! మొదటామెకు తెల్లారకముందే నొప్పులు మొదలైనాయి. జీపు పిలవరా అని మేమందరం మొత్తుకున్నాం. కాన్పుకు జీపేంది, మాయమ్మ మమ్మల్నందర్నీ ఇంట్లోనే కనలేదా అన్నాడు. పొద్దు గూకేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ పాయిరి. రెండోపిల్లకు జరమొచ్చె. మెడకు అంత్రం కట్టించె, కసాయం తాపె. కండ్లు తేలేసినాక ఎత్తకపోయినారు. దావలోనే అయిపాయె.”

“అంబులెన్సుకు ఫోన్ చెయ్యకూడదా?”

“ఫోన్ వాని జేబులో ఉంటాది.”

“కొట్టేవాడా?”

“కొట్టేటోడైతే పంచాయితీ అయినా పెట్టుంటిమి. మంచోడే తాతా. తాగడు. బీడీ గూడా ముట్టడు. ఆడమనిషి మూలిగేది వాని సెవికి ఇనపడదు, అంతే.”

“ఈ వచ్చే పిల్లకు ఎవరైనా చెప్పినారా?”

“ఎవరు సెప్తారు? గండమన్నారు. ఆ మాటతో అందరి నోళ్ళూ మూతపడె.”

అయ్యవారు కళ్ళు తెరవకుండానే అన్నాడు. “మనకెందుకు పంతులూ. వచ్చిన పని చేసుకుని పోదాం.” అంటే ఆయన నిద్రపోలేదు. మిగిలిన దారంతా జొన్నచేలు చూస్తూ కూచున్నాను. చేతుల్లో తొట్టి బరువెక్కింది.

నాగరాజు బస్సు దగ్గరకే ఎదురొచ్చినాడు. నలభై దాటిన మనిషి, ఉతికిన పంచ. వంగి నా కాళ్ళకు మొక్కినాడు. సంచి తనే మోసినాడు, నీళ్ళు తనే ఇచ్చినాడు. సుంకమ్మ చెప్పకపోయుంటే నేనూ పిల్లనిచ్చేవాణ్ణే. చేని గట్టు పక్కన గుంట తీసి జిల్లేడును నాటినారు. కొంచెం దూరంలో వేపచెట్టు కింద ఆటో ఆగి ఉంది. అందులో పెండ్లికూతురు పార్వతి, ఆమె అన్న. ఎమ్మిగనూరులో చీరలు కొనుక్కుని ఇటు వచ్చినారు. చెట్టు పెండ్లి కళ్ళారా చూస్తేనే చెల్లెల్ని ఇస్తానని ఆ అన్న పట్టుబట్టినాడట.

అయ్యవారు మంత్రం చదివి చెంబు నా చేతికి ఇచ్చినాడు. నేను లేచి నిలబడినాను. “ఆగు నాగరాజూ! దీనికి తండ్రిని నేను. నా బిడ్డకు జరమొస్తే ఆస్పత్రికి తీసుకపోతావా, అంత్రం కట్టి కూచోబెడతావా? చెప్పినాకే నీళ్ళు వదుల్తాను” అని గర్జించినాను. నాగరాజు తల దించుకున్నాడు. వేపచెట్టు కింద ఆటో గిరుక్కున తిరిగి తుగ్గలి దారి పట్టింది.

మాధవరం టీ అంగట్లో నేను చెప్పేది ఇది. బాగుందని ఇంకొకసారి చెప్పించుకుంటారు. మీకు మాత్రం అయినది అయినట్టు చెప్తాను. నేను లేవలేదు. కూచునే అడిగినాను, అదీ ఎగతాళి మాదిరి, పండ్లు ఇకిలిస్తూ. అందరూ నవ్వినారు. అందరికంటే నాగరాజు ఎక్కువ నవ్వినాడు.

“జిల్లేడుకు జరమేంది మామా! వాడిపోతే ఇన్ని నీళ్ళు పోస్తాంలే.”

“నీళ్ళు వదులు పంతులూ” అన్నాడు అయ్యవారు. వదిలినాను.

పసుపుతాడు కొమ్మకు కట్టినాడు. అక్షింతలు పడినాయి. వెంటనే నాగరాజు తమ్ముడు కొడవలి తీసుకుని మొదలు మీద ఒక్క వేటు వేసినాడు. తెల్లగా పాలు కారి మట్టిలో ఇంకినాయి. నాగరాజు నెత్తిన రెండు చెంబులు నీళ్ళు పోసుకున్నాడు, పెండ్లాం పోయినవాడు పోసుకున్నట్టే. తడిగుడ్డ పిండి, “పీడ పాయె” అన్నాడు. తరువాత అందరం బెల్లం ఓలిగలు తిన్నాము. నేనూ తిన్నాను. బాగున్నాయి.

ఇన్నేళ్ళుగా విషం పెంచినాను. నా పెరట్లో ఒక మేక కూడా చావలేదు. ఆ పల్లెలో విషమనేది ఏదీ లేకుండా ఇద్దరు ఆడవాళ్ళు, ఒక బిడ్డ పోయినారు. తప్పు అడగబోతే మూడనే అంకె మీద పెట్టినారు. అంకెను నరికి చెయ్యి కడుక్కున్నారు.

సాయంత్రం ఎమ్మిగనూరు మీదుగా ఇంటికి పోదామని, బస్సు కోసం పార్వతి వాళ్ళ ఆటోలోనే రోడ్డు దాకా వచ్చినాను. అయ్యవారు ఇంకెవరి బండి మీదో ఆదోనికి పోయినాడు. పార్వతి అన్న, ఆటో అతను టీ తాగను అంగడికి పోయినారు. ముప్పై ఏండ్లుంటాయి ఆమెకు. అన్న అటు పోంగానే అడిగింది.

“తాతా, పొద్దున నువ్వడిగినావే జరం సంగతి. అది నగులాటకు అడిగింది కాదు గదా?”

సుంకమ్మ చెప్పిందంతా చెప్పినాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు. అట్లా చెప్పడం నాకు అలవాటు లేదు. పార్వతి అంగడి వైపు, అన్న వైపు చూసింది.

“పెండ్లి వద్దని చెప్పమ్మా. నేను కూడా వచ్చి చెప్తాను.”

“ఇంటికాడ మావదిన నా పెట్టె అప్పుడే బయట పెట్టింది తాతా. యాడికి పోవాల నేను?” అంది. చీరల సంచి ముడి ఒకసారి విప్పి మళ్ళీ వేసింది. “ఈడ నుంచి ఆస్పత్రికి బస్సులెప్పుడెప్పుడుంటాయి?”

నాకు తెలిసినవి చెప్పినాను. పొద్దున ఆదోనికి ఏడింటికి ఒకటి. పదింటికి నేను వచ్చింది, ఎమ్మిగనూరుకు. మధ్యాహ్నం ఒకటి. సాయంత్రం ఐదుకు ఎమ్మిగనూరు పోయేది. ఏదీ ఊర్లోకి రాదు, ఈ రోడ్డు దాకా నడిచి రావాల. ఆమె పెదవులు కదిలిస్తూ బట్టీ పెట్టింది.

“ఐదు తర్వాత?”

“లేదు. నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా వస్తాను” అన్నాను. ఎట్లా వస్తాను? నాకు సైకిలు కూడా లేదు. ఆమె చేతిలో ఫోనూ లేదు. ఇద్దరికీ తెలుసు.

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూచున్నాను. పార్వతి ఆటోలో నుంచి తల బయట పెట్టి, “అయితే జబ్బేదైనా పగటిపూటే రావాల తాతా” అని నవ్వింది. అన్న టీ గ్లాసుతో వచ్చి, ఏంది నగుతాండావని అడుగుతున్నాడు.

ఈ దిక్కుకు రావాలనుకునేవాళ్ళు తప్పక రండి. రోడ్డు బాగుంది, తిండి బాగుంది, మనుషులు మర్యాద తెలిసినవాళ్ళు. ఇంటికి పిలిచి ఓలిగ పెట్టనిదే పంపరు. ఇంతకంటే మంచిమాట రాద్దామని చాలాసేపు కూచున్నాను, రాలేదు.

ఎమ్మిగనూరులో దిగేటప్పుడు డ్రైవరును అడిగినాను, ఆ పల్లె దారిన ఐదు తరువాత ఇంకొక బస్సు ఎప్పుడైనా నడిచిందా అని.

“రాత్రి ఎనిమిదికి ఒకటి ఉండె తాతా” అన్నాడు. “ఎక్కేటోళ్ళు లేరని తీసేసినారు.”